పదమూడు తెడ్లు

నేను సముద్రం ఎరుగని దాన్ని.
గలీసియా కొండల లోపల
వాన చప్పుడు తప్ప మరో హోరు వినని దాన్ని.
ఈ బాస్క్ రేవులో, నెత్తళ్ళ ఫ్యాక్టరీలో
పనుందంటే ఒక్క పెట్టెతో దిగాను.

మొదటిరోజే ఫెలిసియానా అడిగింది
పేరు కాదు, ఊరు కాదు,
"నువ్వు ఏ పడవ మనిషివి?"

ఉప్పు చేపల ముళ్ళు తీస్తున్న కత్తెరలన్నీ
టక్కున ఆగి
నా నోటికేసి చూశాయి.

ఇక్కడ రేవుకో పందెం పడవ, పడవకో రంగు.
పదమూడు తెడ్లు,
చుక్కాని దగ్గర నిలబడి తిట్టే ఒక గొంతు.
మా రేవుది ఆకుపచ్చ, అవతలి రేవుది పసుపు.
మధ్యనున్నది అరమైలు నీళ్ళూ,
ఎలా మొదలైందో ఎవరూ సరిగ్గా చెప్పలేని తగాదా.

"మీరెలా ఎంచుకున్నారు?" అన్నాను.
బల్లలు అదిరేలా నవ్వారు.
"నీ ముక్కుని నువ్వు ఎంచుకున్నావా?"

ఎదుర్నె ఒక్కతే, చేతులు కడుక్కునేచోట
గొంతు తగ్గించి చెప్పింది:
నాన్న మీద కోపంతో పదేళ్ళు పసుపట,
పెళ్ళయ్యాక మళ్ళీ పచ్చ.
"మొగుడి కోసం కాదులే,
అత్తతో ఒకే బాల్కనీలో నిలబడాలి కదా."

సెప్టెంబరులో పందెం చూడ్డానికి వెళ్ళాను.
గోడ చివర, అలలు తడిపే చోట చోటు దొరికింది.
పడవలు బోయా చుట్టి వచ్చాయి,
తుపాకీ పేలింది, ఎవరికో జెండా ఇచ్చారు.
జనమంతా సార్డీన్లు కాలుస్తున్న పొగ వైపు కదిలారు.
పందెం అయిపోయిందని నాకు తెలియదు.

అప్పుడొచ్చింది ఊదారంగు పడవ,
ఏ రేవుదో అప్పటికి పేరైనా వినలేదు.
అందరి తర్వాత, ఖాళీ గోడల మధ్యకి,
భుజాలు జారిపోయిన పదమూడు మంది.
వచ్చిన వాళ్ళకి చప్పట్లు కొట్టాలేమోనని
కొట్టాను, ఒక్కదాన్నే.

చుక్కాని మనిషి తలెత్తాడు.
ఏదో అన్నాడు.
పదమూడు తెడ్లూ నిటారుగా లేచాయి,
నీళ్ళు వాళ్ళ మోచేతుల మీదుగా కారుతూ.
తమ కోసమే ఎవరో వచ్చారనుకున్నారు.
కాదని చెప్పడానికి నోరు రాలేదు.
ఇరవై ఆరేళ్ళుగా
దాన్ని నిజం చేస్తూనే ఉన్నాను.

సోమవారం ఫ్యాక్టరీలో చెబితే
నాతో మధ్యాహ్నం దాకా ఎవరూ మాట్లాడలేదు.
పచ్చ పడవ ఏడో తెడ్డు అంచోన్
నన్ను పెళ్ళాడుతూ అన్నాడు,
"చర్చికి రాకపోయినా సరే,
ఆ ఊదాని మాత్రం ఎవరికీ చూపించకు."

నా పడవ ఒక్కసారి గెలిచింది.
ఆ రోజు నాకు జ్వరం.
దుప్పటి కింద రేడియోలో విన్నాను.
మరుసటి వారం రేవంతా కొత్త ఊదా టోపీలు;
వాళ్ళని చూస్తే
నా వంటింట్లో పరాయివాళ్ళు భోంచేస్తున్నట్టు చిరాకేసింది.
చివరికొచ్చిన రోజున ఎక్కడున్నారు వీళ్ళు?
ఆ మరుసటేడు పడవ మళ్ళీ ఆఖరికి వచ్చింది.
ఊపిరి పీల్చుకున్నాను, సిగ్గు లేకుండా.

ఇక మా ఇలార్గి.
ఆరేళ్ళప్పుడు అవతలి రేవులో
పసుపు కండువా కట్టుకున్న కుక్కని చూసింది.
అంతే. అదొక్కటే కారణం.
అంచోన్ రెండ్రోజులు అన్నం ముట్టలేదు.
కుక్క పోయి ఏళ్ళయింది,
పిల్లకి గోడ మీద పసుపు తప్ప మరోటి ఆనదు.
పుట్టుకతో వచ్చింది పుడకలతో గాని పోదంటారు,
కుక్కతో వచ్చింది కూడా అంతేనేమో.

శనివారం రాత్రి చొక్కాలు
మూడు విడతలుగా ఉతుకుతాను.
ఒక రంగు ఇంకోదానికి అంటితే
ఈ ఇంట్లో ఎవరూ క్షమించరు.
నాది వెలిసి వెలిసి
ఊదానో బూడిదో తెలియకుండా ఉంది.
దూరం నుంచి చూస్తే
ఎవరి మనిషినో గుర్తుపట్టలేరు.
దగ్గరికొచ్చి అడగాలి.