దాహమడిగిన దొంగ

చిత్తూరు కోర్టు రికార్డు గదిలో
బంట్రోతు వేలు నాలిక మీద తడుపుకుని
లెడ్జరు తిప్పుతున్నాడు.
"ఫిల్ము డబ్బాలు, ఆరు. వస్తువు నంబరు నాలుగు.
ఎదురు గడి ఖాళీగా ఉండాది సార్,
తిరిగిచ్చినట్టూ లేదు, కాల్చినట్టూ లేదు."

మా అవ్వ వాళ్ళ నాయన చెంగల్రాయుడు
డేరా సినిమాలో తెర పక్కన నిలబడి
వెదురుబెత్తంతో బొమ్మల్ని చూపిస్తూ
అందరి మాటలూ తనే మాట్లాడేవాడు.
దొంగకో గొంతు, జమీందారిణికో గొంతు,
గుర్రానికి నాలికతో టకటకలు,
తుపాకికి చెక్కపెట్టె మీద ఒక గుద్దు.

భాకరాపేట కనుమలో తీశారంట ఆ బొమ్మ.
మద్రాసు నించొచ్చిన వేషగాడు జ్వరంతో పడుకుంటే
కట్టెలమ్మడానికొచ్చిన మొగిలప్పకి
తలపాగా చుట్టి, ఉత్త తుపాకి ఇచ్చారు.
వాడు బండిని ఆపిన తీరుకి
కెమెరా తిప్పే ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగిందంట.
అంత బాగా చేశాడు.
అంత బాగా ఎట్లా చేశాడని
పీలేరు డేరాలో నేల మీద కూర్చున్న
హెడ్డు కానిస్టేబులుకి నిద్ర పట్టలేదు.

కోర్టు గోడకి దుప్పటి కట్టారు.
కిటికీలకి గోనెపట్టాలు.
దుప్పటి ముడతల్లో మొగిలప్ప
బండికి అడ్డం నిలబడ్డాడు.
"ఇట్లే! ఆ పొద్దు కూడా ఇట్లే నిలబడ్డాడు!"
సొమ్ము పోయిన శెట్టి లేచాడు.
మొగిలప్ప చెయ్యి చాచి నోరు తెరిచాడు.
"ఏమంటున్నాడు?" ప్లీడరు అడిగాడు.

బోనులో చెంగల్రాయుడు.
నలభై రాత్రులు
"పెట్టె దించరా, పేగులు తీస్తా" అని
గుంజలదిరేలా అరిచిన నోరు.
ఎంగిలి మింగి,
"దాహమంటా ఉండాడయ్యా" అన్నాడు.
"కడవలో ఉంటే రెండు గుక్కలు పొయ్యమని."

మళ్ళీ తిప్పించారు. మళ్ళీ చూశారు.
ఆ నోరు దాహమన్నట్టే ఉంది.
జడ్జి తన కూజా వైపు చూశాడంట.
ఇది అవ్వ కలిపిందేమో.

మొగిలప్పని వదిలారో, అండమాను పంపారో
ఆమెకి తెలీదు.
తెలిసిందల్లా, వాళ్ళ నాయన
మళ్ళీ తెర పక్కకి పోలేదు.
బెల్లం మండీలో తూకాలు పిలిచేవాడు,
దొంగ గొంతుతోనే.

ఒక్క అడుగు రీలు కూడా మిగల్లేదు.
మూగ బొమ్మ నించి మిగిలింది ఒక మాట,
అదీ ఆ బొమ్మలో లేనిది.

బంట్రోతు లెడ్జరు మూశాడు.
కనుమదారిలో గిట్టలు తగిలినట్టు
దుమ్ము లేచింది. దగ్గాను.
"నీళ్ళు తాగుతారా సార్?" అన్నాడు.