బాణం గుర్తులు

మాగడి రోడ్డు మీద ఇడ్లీలు తిని
ఏడు దాటకముందే మొదలుపెట్టాం.
ఎనిమిదిన్నరకే సావనదుర్గం బండ పెనమైంది.

మెహబూబ్ మోకాలికి పట్టీ,
హైమవతి నెత్తిన వాళ్ళబ్బాయి టోపీ,
కిట్టప్ప సంచిలో కీరదోసకాయలు, ఉప్పుకారం పొట్లం.
నా దగ్గర నీళ్ళూ, ఎవరూ అడగని సలహాలూ.

చెట్టు లేదు, మెట్టు లేదు.
ఎవరో తెల్లరంగుతో గీసిన బాణాలు మాత్రం
ఇటు, ఇంకొంచెం ఇటు, అంటూ పైకి.
ఇరవై ఏళ్ళుగా కబుర్లకు కరువెరగని వాళ్ళం,
మా బదులు ఆయాసమే మాట్లాడింది.

కొసన నంది మంటపం. చారెడు నీడ.
కాళ్ళు ముడుచుకుని నలుగురం అందులోనే ఇమిడాం.
దూరంగా బెంగళూరు, బూడిదరంగు మరక.
"అదిగో మా ఇల్లు" అన్నాడు కిట్టప్ప ఏ దిక్కో చూపిస్తూ.
ఇంకా పదిహేనేళ్ళ వాయిదాలున్న ఇల్లు.
ఎవరం కాదనలేదు.
కీరదోస విరిచిన చప్పుడు
అంత ఎత్తులో ఎంత పెద్దగా వినిపించిందో!

అప్పుడన్నాడు మెహబూబ్, ఉద్యోగం పోయిందని.
పోయి మూడు నెలలైందని.
హైమ ఉప్పుకారం పొట్లం అతని వైపు జరిపింది,
అంతే.
ఒక గద్ద మాకంటే కింద తిరుగుతోంది.
గద్ద వీపు చూడటం నాకదే మొదటిసారి.

దిగేటప్పుడు గమనించాను:
బాణాలన్నీ పైకే.
దిగేవాళ్ళ కోసం ఎవరూ ఏమీ గీయలేదు.
ఒక్కో గుర్తు దగ్గరా ఆగి, దానికి వీపు తిప్పి,
కూర్చుని, అరచేతులు కాలుతుంటే జరుగుతూ,
"ఇక్కడ పట్టుంది, ఇక్కడ కాలు పెట్టు" అని
అందరికంటే ముందు మెహబూబే చెబుతున్నాడు.

ప్యాంటు చిరిగింది మాత్రం నాది.