రసీదులో లేని గీత

ఆకివీడు బస్టాండు వెనక, మేడమీద మా ల్యాబు.
పొద్దున్నే సీసాలు వస్తాయి,
ఒంటిమీద స్కెచ్ పెన్నుతో చెరువు నంబరు.
ఉప్పదనం ఇంత, అమ్మోనియా ఇంత
అని చెప్పి రసీదు చింపి ఇస్తాను.
చెప్పేది ఎప్పుడూ రొయ్య సంగతే.

మోరు వడ్డికాసులు ఆరోజు సీసా తేలేదు.
బిర్యానీ డబ్బా తెచ్చాడు. మూత తీస్తే
తలుపులకి వేయగా మిగిలిన రంగులా
చిక్కటి పచ్చన.
అందులో ఎనిమిది తోకకప్పలు.

"చెరువు నీళ్ళు బోదెలోకి వదిలాకండి,
ఇయ్యి ఇలాగైపోయాయి."

ఇలాగ అంటే,
ముట్టుకుంటే చిట్లేటట్టు ఉబ్బిన పొట్టలు.
ఒకటి తన తోక చుట్టూ తనే తిరుగుతోంది,
గానుగెద్దులా, విప్పేవాళ్ళు లేక.
వెనకకాళ్ళు రావలసిన చోట
రెండు మొటిమలు. అంతే.
నెల దాటిందట.

ఒక్క చుక్క గాజుపలక మీద వేశాను.
అబద్ధమెందుకు, అందంగా ఉంది.
చిక్కుపడ్డ పూసల పేర్లు, పేరు మీద పేరు.
మేత మిగిలి, ఎండ ముదిరి, నీరు కదలక
మూడు వారాలు కూర్చుని ఎవరో గుచ్చినట్టు.
లోపలికి పోతే ముందు కార్జాన్ని పడుతుంది.
ఆ తర్వాత తొందరేం ఉండదు దానికి.

"బ్లూగ్రీన్ పట్టింది" అన్నాను.
బెంచీ మీది రైతు తలెత్తాడు:
"ఏ చెరువండీ? మనదా?"
"చెరువు కాదండి. కప్పలు."
ఆయన మళ్ళీ ఫోన్లోకి, ముప్పై కౌంటు రేటులోకి.

వడ్డికాసులు కాపలా మనిషి.
గట్టుమీద రేకుల షెడ్డు, రాత్రంతా ఏరియేటర్ల మోత.
"మోతలోనే నిద్రండి నాకు.
కరెంటు పోతే మోత ఆగేది, కప్పలు అందుకునేయి.
ఆ తేడాకి మెలకువొచ్చి
జనరేటర్ వేసేవాణ్ణి.
మొన్న పోయిందండి కరెంటు.
ఎవరూ అందుకోలేదు.
పడుకునే ఉన్నాను.
తెల్లారేసరికి గట్టువార రొయ్య తెల్లగా తేలింది.
జీతంలో కోసుకుంటామన్నారు."

రసీదు మీద పదకొండు గీతలు అచ్చేసి ఉన్నాయి.
కప్పకి గీత లేదు.
అడుగున, సంతకం పక్కన, పెన్నుతో రాశాను:
తోకకప్పలు ఎనిమిది. బతికున్నవి ఐదు. రుసుము...
అక్కడ ఆగాను.
అతను జేబులోంచి ఇరవై నోటు తీసి
మడత విప్పి, మళ్ళీ మడిచాడు.

డబ్బా ఇక్కడే ఉండనీయమన్నాడు.
పచ్చనీళ్ళు వంచేసి, మేం తాగే టిన్ను నీళ్ళు పోశాను.
సాయంత్రం తాళం వేసేముందు చూస్తే
తిరిగేది తిరగడం మానేసింది.
నెమ్మదించి మానిందో, ఇంకెందుకు మానిందో.
మైక్రోస్కోపు మీద గుడ్డ కప్పాను.

మెట్లు దిగుతుంటే వాన మొదలైంది.
సగం మెట్ల మీద నిలబడి
చాలాసేపు విన్నాను.
జెరాక్స్ షాపు రేకుమీద వాన.
డ్రైన్ వైపు నుంచి వాన.
వానే.