గోరుకు తగిలే గీత

మిరుగం వాన పడ్డ మూడో నాడు
కొండమల్లేపల్లి తొవ్వల నా షెడ్డు ముంగట
ఒక పాత మ్యాసీ ఆగింది.
విరిగిన చెయ్యిని మెడకు కట్టుకున్నట్టు
కల్టివేటర్‌ను గొలుసుతో సీటుకు కట్టుకొని.

ఘమ్లి దిగి, కొంగుతో మొఖం తుడుసుకొని
"లేస్తది, నిలవది" అన్నది.
గంతే.
డాక్టర్ ముందట కూడ ఎవ్వరు గంత సాఫుగ చెప్పరు.

నిజమే. ఇంజను నడిచినంతసేపు బాగనే ఉంటది.
బంద్ చేస్తే
బువ్వ తిన్నంక కునుకు పట్టిన ముసలాయన గదుమ లెక్క
మెల్లమెల్లగ కిందికి వాలుతది.

సీటు ఇప్పిన. బోల్టులల్ల రెండింటికి తలల్లేవు,
ఉలి పెట్టి కొట్టిన.
శబ్బీరు గొలుసు గుంజితే టాప్ కవర్ లేచింది.
కింద నూనె చాయ రంగుల ఉన్నది,
ఎక్కన్నో నీళ్లు కలిసినయ్.
సిలిండర్ ఇప్పి పాత చీర పేలికతో తుడిచిన.

మా ఉస్తాద్ చెప్పెటోడు:
కన్నును నమ్మకు, గోరును అడుగు.
గోరు జారిందా, రాకి వాడుకో.
గోరు ఆగిందా, మార్చుడే.

లోపట వేలు పెట్టి తిప్పిన.
ఆగింది.

ఆ గీత నాకు ఎరుకే.
రెండేండ్ల కింద, ఇదే షెడ్డుల, కరెంటు లేని పొద్దుగూకి,
సెల్లు లైటు పండ్ల నడుమ పట్టుకొని
మొండికేసిన ఓ-రింగును స్క్రూడ్రైవర్‌తో పొడుస్తుంటే
ఒక్కసారి జారింది.
"ఏం గాదు" అనుకున్న.
ఆ ఏంగాదు
రెండేండ్ల సంది చుక్కచుక్కగ నూనె తాగింది.

"ఏమైంది?" అన్నది ఘమ్లి.
"ఇసుక" అన్న.
"డబ్బా మూత తెరిచి పెట్టిండ్రేమో."
ఆమె డబ్బా దిక్కు చూసింది, నా దిక్కు చూడలే.

కొత్త సిలిండర్ నల్లగొండల దొరకలే.
రాణిగంజు నుంచి బస్సు డ్రైవర్ సీటు కింద
గోనెసంచిల పండుకొని వచ్చింది,
ఒంటినిండ గ్రీసు, పుట్టిన పిల్ల లెక్క.
అప్పటికి మొగులు రెండుసార్లు నల్లగయి తెల్లగయింది,
పత్తి గింజల ప్యాకెట్లు ఆమె ఇంట్ల చూరుకు ఏలాడుతున్నయ్.

ఈసారి రింగును నూనెల ముంచి
బొటనవేళ్లతోనే ఎక్కిచ్చిన.
శబ్బీరు స్క్రూడ్రైవర్ అందిస్తే, వద్దన్న.
ఎందుకన్నడు. చెప్పలే.

రాత్రి కల్టివేటర్‌ను లేపి, ఇంజను బంద్ చేసి
కొస ఎంత ఎత్తుల ఉన్నదో
గోడ మీద సుద్దముక్కతో గీత గీసిన.
నిద్ర పట్టలే. రెండుసార్లు లేచి టార్చి కొట్టిన.
తెల్లారి చూస్తే
ఇనుము, సుద్ద ఒక్క దగ్గర్నే ఉన్నయ్.

ఘమ్లి వచ్చి చూసింది. నవ్వలే.
"పాతది ఇయ్యి" అన్నది.
"తుక్కు గదా, ఎందుకు?"
"నా పైసలతో కొన్నదే గదా."

ఇచ్చిన.
మడమల లెక్క పగిలిన వేలు లోపట పెట్టింది.
మెల్లగ తిప్పింది. ఆగింది.
మళ్ల తిప్పింది, గక్కడనే ఆగింది.

"ఇసుకైతే శాన గీతలుండాలె గదనె.
గిది ఒక్కటే సాలు.
సాలు దానంతల అది పడది, ఎవలో ఒకలు తోలాలె."

షెడ్డుల గాలి మిషన్ ఒక్కటే మాట్లాడుతున్నది.
నేను చేతులు తుడుసుకున్న, తుడుసుకున్న చేతులే మళ్ల.
"కరెంటు లేకుండె" అన్న.

ఆమె సిలిండర్ పైసలు లెక్కపెట్టి బల్ల మీద పెట్టింది.
కూలి పైసలు రైకల దోపుకున్నది.
బండెక్కి, కల్టివేటర్ లేపి,
గొలుసు ఇప్పి నా కాళ్ల కాడ ఏసింది:
"గింక అక్కరలే.
ఆ స్క్రూడ్రైవర్ మొన అరగదీసి పెట్టుకో."

ధూళి అణిగినంక గ్రైండర్ ఆన్ చేసిన.
నిప్పురవ్వలు ముంజేతి మీద పడుతుంటే
ఏం గాదు అనబోయి
ఊకున్న.