పదకొండున్నరకి ఏ హాలు

కార్యక్రమం కాగితం నాలుగు మడతలు.
విప్పితే పేజీ నిండా గడులు,
గడికో సభ.
భీమవరంలో మూడంతస్తుల కల్యాణమండపం
రెండ్రోజులు బొమ్మల కథలవాళ్లకి ఇచ్చేశారు.
గేటు మీద నిన్నటి పెళ్లి థర్మాకోల్ అక్షరాలు
సగమే ఊడాయి.
'శిరీష వెడ్స్' వరకూ ఉంది,
పెళ్లికొడుకు చోట ముసుగు వీరుడి ఫ్లెక్సీ.

రొయ్యల ఫ్యాక్టరీలో నాకు ఆదివారమే సెలవు.
రేపు రాలేను కనక అన్నీ ఇవాళే.
బస్సులో పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ వచ్చాను.
కిటికీలోంచి చెరువులూ గడులే, మధ్యన గట్లు.
గట్టు మీద ఒకతను సైకిలు తోసుకుంటూ
ఏ గడిలోకీ దిగకుండా వెళ్తున్నాడు.

చిక్కల్లా పదకొండున్నరకే.
కింద హాల్లో హైదరాబాదాయన
కంప్యూటర్లో రాక్షసుడికి ఒళ్లంతా పొలుసులు వేసి చూపిస్తాడు.
మొదటి అంతస్తులో నలుగురు ఆడవాళ్లు,
'మన కథ మనమే గీస్తే'.
రెండో అంతస్తులో కాగితం ధర, ముద్రణ ఖర్చులు.
ఇది పనికొచ్చేది.
పనికొచ్చేది కాబట్టే కాళ్లు పోవు.
వంటశాల పక్క గదిలో
దంగేటి ఏడుకొండలు గారు, పాలకొల్లు,
'చప్పుళ్లకు అక్షరాలు'.

సువార్త కింద హాల్లో చున్నీ వేసి కుర్చీ పట్టి ఫోను చేసింది.
"వస్తావా, ఇచ్చెయ్యనా ఎవరికైనా?"
ఆరో తరగతిలో రూపాయికి ఒక పుస్తకం అద్దెకి తెచ్చుకుని
ఎడమ పేజీ నేనూ కుడి పేజీ తనూ చదివేవాళ్లం.
ఇప్పుడు ఒకే బల్ల దగ్గర రొయ్యల తలలు తుంచుతాం.
"ఇక్కడో అరగంట, అక్కడో అరగంట కూర్చోవచ్చుగా" అంది.
సగం సగం ఏమిటో నాకు తెలుసు.
అద్దె పుస్తకాల్లో ఆఖరి పేజీ ఎవరో చించుకుపోయేవారు.
ఆ విలన్లు నా లెక్కలో ఇంకా చావలేదు.

మెట్ల దగ్గర అట్టముక్కల కవచంలో ఒక కుర్రాడు,
మోచెయ్యి వంగక
వాళ్లమ్మ చేత పకోడీ తినిపించుకుంటున్నాడు.
పదకొండూ ఇరవయ్యెనిమిది.
ఆడవాళ్ల సభ వదిలేస్తే సిగ్గు,
కాగితం ధర వినకపోతే నష్టం,
సువార్త దగ్గరికి పోకపోతే రేపు షిఫ్టంతా మౌనం.
వంటశాల పక్కకి పోకపోతే ఏమీ కాదు.
ఎవరికీ తెలియదు కూడా.
అందుకని అటే నడిచాను.
తర్కం అడక్కండి, నాకే దొరకలేదు.

గదిలో ఏడుగురం.
అందులో ఒకడు ఫోను చార్జింగు కోసం వచ్చాడు.
ఏడుకొండలు గారు మైకు వద్దన్నారు.
ముప్పయ్యేళ్లు ఒక మాసపత్రిక బొమ్మలకి చప్పుళ్లు రాశారట,
పేరు ఎక్కడా పడలేదు.
"ఢాం అని అందరూ రాస్తారండీ.
తాడు మీద తడిచీర గాలికి కొట్టుకుంటే?"
తపతప, అన్నారొకరు.
"అది పావురం."
చార్జింగు కుర్రాడు తల ఎత్తకుండానే
"ఫట్. కాసేపు ఏం లేదు. మళ్లీ ఫట్" అన్నాడు.
"ఆయ్!" అని పెద్దాయన
ఆ ఏం లేనిదాన్ని కూడా చార్టు మీద వేశారు,
వేలెడు జాగా వదిలి.

తర్వాత నా వైపు తిరిగి, ఏం చేస్తుంటావమ్మా అన్నారు.
చెప్పాను.
"అయితే రొయ్య తల తుంచితే?"
పదకొండేళ్లు, రోజుకి కొన్ని వేలసార్లు.
నోరు రాలేదు.
చెవులకి కూడా గ్లౌజులు తొడుక్కున్నట్టున్నాను.
చిట్? కాదు, అది పుల్ల.
పుటుక్? అది దారం.
ఇంతలో వంటశాలలో ఎవరో మూకుడు జారవిడిచారు,
ఏడుగురం ఒకేసారి పెదాలు కదిపాం,
ఏడు రకాలుగా.
ముందు హాల్లోంచి చప్పట్లు.
పొలుసులు వచ్చేసి ఉంటాయి.

భోజనాల దగ్గర సువార్త పెరుగు దాకా మాట్లాడలేదు.
"ఒసే, తల తుంచితే ఏమని వినిపిస్తుందే?" అన్నాను.
ఆలోచించకుండా, కోపంలోనే అనేసింది.
అదే.
అచ్చంగా అదే.
కాగితం తీసి మూడింటి గడి కొట్టేసి
దాని మీద రాసుకున్నాను.

ఏడుకొండలు గారు పాలకొల్లు బండికి బయల్దేరారని
వడ్డించే అబ్బాయి చెప్పాడు.
మూడింటికి ఇంకో నాలుగు సభలున్నాయి.
"స్టేషను ఎంత దూరం ఇక్కణ్ణించి?" అంది సువార్త,
చెయ్యి కడుక్కోకుండానే లేచి.