పిలిస్తేగాని గడప దాటదు

కనిగిరి బస్టాండు వెనక లాడ్జిలో
పళ్ళు చూపించమన్నారు.
చూపించాను.
డైరెక్టరు కుర్రాడు కుర్చీలోంచి లేచి
రెండు కోరలు అతికిస్తే చాలు,
మేకప్పు అక్కర్లేదన్నాడు.

నలభై ఏళ్ళు బోరునీళ్ళు గీసిన చారలివి.
మా వాడలో అందరికీ ఉన్నాయి,
కొందరికి మోకాళ్ళలోకీ దిగాయి.
పెళ్ళిఫోటోలో కూడా పెదాలు బిగించుకున్నదాన్ని.
ఇన్నాళ్ళకి ఒకడు
ఇంకా పెద్దగా తెరువమ్మా అన్నాడు.

రోజుకి ఎనిమిదొందలు, రెండు పూటలా భోజనం.
నవ్వొచ్చే సినిమానంట, భయమూ వేస్తుందంట.
నేను రక్తం తాగే దెయ్యాన్నంట.

దెయ్యం ఎండకి కాలిపోద్ది అన్నాడు.
పొగాకు బ్యారన్ కాడ పదిహేనేళ్ళు
పొయ్యి ఎగదోశానని చెప్పబోయి
ఎనిమిదొందలు గుర్తొచ్చి ఊరుకున్నాను.
ఎల్లిపాయ వాసనొస్తే పారిపోద్ది అన్నాడు.
క్యారేజీలో ఏం కారం తెచ్చుకున్నానో
అదీ చెప్పలేదు.
శిలువ చూస్తే గజగజ వణికిపోద్ది,
ఆ మెడలోది తీసేయమ్మా అన్నాడు.
లైటు పట్టుకునే మా చెల్లి కొడుకు జక్రయ్య
దాన్ని జేబులో వేసుకుంటా గొణిగాడు:
"పెద్దమ్మా, పాస్టరుగారికి తెలిస్తే?"
దెయ్యానికి పాస్టరుతో పనేందిరా అన్నాను.

అద్దంలో అగపడదు అన్నాడు.
అది మాత్రం చెప్పకముందే తెలుసు.
టూరింగు టాకీసులో నేలమీద కూచుని
బొమ్మ బొమ్మకీ మా అమ్మలాంటి మనిషిని వెతికేదాన్ని.
ఒక్కసారి అగపడింది,
చీపురుతో,
హీరో కారు పోయినాక, దుమ్ములో.

ఇంకొక్కటి, ఇంట్లోవాళ్ళు పిలిస్తేగాని
గడప దాటలేదు.

పామూరు రోడ్డులో మేడ ఒకటి అద్దెకి తీసుకున్నారు.
వాళ్ళకది లొకేషను.
నేను చిన్నప్పుడు అమ్మెంట వేరుశెనక్కాయలు వొలవటానికొచ్చి
దోసిట్లో నీళ్ళు పోయించుకున్న మెట్టు అది.
అరిగింది కొంచెం.

యాక్షన్ అన్నారు.
కోరలు తెరిచి నిలబడ్డాను.
కోడలి వేషం కట్టిన హైదరాబాదు పిల్ల
నిండు నవ్వుతో "లోపలికి రండి" అంది.
కాలు లేవలేదు.
కట్.
"లోపలికి రండి."
కాలు లేవలేదు.
కట్.
"పిలిచింది కదమ్మా!" డైరెక్టరు తల పట్టుకున్నాడు.
పిలిచింది, కాదనను.
ఎన్నిసార్లు పిలిస్తే పిలిచినట్టో
అతని కాయితంలో లేదు.

వరండాలో మడతకుర్చీలో
ఇంటాయన, పెద్దాయన, పొద్దున్నించీ చూస్తన్నాడు.
"పోమ్మా, పర్లేదు,
సినిమానే గదా" అన్నాడు.

దాటాను.

పిల్ల మెడమీద నోరు పెట్టానో లేదో
ఎల్లిపాయ కారం గుప్పుమంది.
ముందు ఆ పిల్ల నవ్వింది.
తర్వాత కెమెరా అబ్బాయి.
తర్వాత నేను,
నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా,
చారలన్నీ లైట్లలో మెరిసేదాకా.
ఇదే ఉంచుదాం, ఇదే అని డైరెక్టరు గంతులేశాడు.

ప్యాకప్ అయింది.
జక్రయ్య నా శిలువ నాకిచ్చాడు.
కోరలు పీకి కాయితంలో చుట్టుకున్నాను,
మనవరాలు అడిగింది తెమ్మని.

వెనక్కి తిరిగి చూస్తే
మా వాడ సలోమి వంగి గడప కడుగుతోంది,
ఒకసారి, రెండోసారి.
చక్కెరపాకంతో చేసిన రక్తం,
చీమలు పడతాయని.
అందుకే అయ్యుంటది.