ముప్పై ఎనిమిది కిలోలు

డాక్టరమ్మ నా ఎక్స్‌రేని కిటికీకి ఆనించి
ఏం మోస్తుంటావు నువ్వు, అంది.
పాటల అడుగుభాగం, అన్నాను.
ఆవిడ నవ్వలేదు. ఇక మోయొద్దని రాసిచ్చింది.

అలా నా ఆంప్లిఫయర్ కట్టెల కొట్లో ఉండిపోయింది.
ముప్పై ఎనిమిది కిలోలు. ఒక మూల గుడ్డ చిరిగింది.
ఇరవై ఆరు వేసవులు, అకార్డియన్ రేయో ఒక పిడీ నేనొక పిడీ పట్టి
సరస్సుల ఒడ్డున డాన్సు మంటపాలకు ఎక్కించి, దించి,
మళ్ళీ ఎక్కించిన పెట్టె.

బస్సెక్కి టాంపెరె వెళ్ళాను,
దాని బదులు చేతిసంచిలో పట్టేదేదైనా దొరుకుతుందేమోనని.

ఇల్పో దుకాణంలో పాత గిటార్ల వాసన, తడిసిన కుక్క వాసన.
ప్రీయాంప్, డి.ఐ. రెండూ ఒకదాంట్లోనే, అంటూ
బల్లమీద మూడు డబ్బాలు పెట్టాడు.

మొదటిదాంట్లో వాల్వు. చిన్న అద్దం వెనక నారింజ వెలుగు.
తీగ మీటితే స్వరానికి నూనె రాసినట్టుంది.
ధర చూశాను. మా ఇంట్లో ఒక చలికాలపు కట్టెలు.

రెండోదానికి పదకొండు నాబ్‌లు.
పెళ్ళిలో బంధువుల్ని చూపించినట్టు చూపించాడు:
ఇది బాస్, ఇది ట్రెబుల్, ఈ రెండూ మధ్య స్వరాలవి,
ఒకటి ఎక్కడో చెబుతుంది, ఇంకోటి ఎంతో చెబుతుంది,
ఇదిగో దీనికి కొంచెం కోపమెక్కువ.
కళ్ళజోడు తీసి చూశాను. అన్నీ ఒకే మసక.
మంటపంలో వెలుతురు ఇంతకన్నా తక్కువ, అన్నాను.

మూడోది ఉత్త ఇనుప డబ్బా. రెండే నాబ్‌లు, పక్కన ఒక బొడిపె.
పెయింటు లేచిపోయింది.
అడుగున ఎవరిదో పేరు, గీకేసి ఉంది.

అసలు ఎలాంటి శబ్దం కావాలి నీకు?
అడిగాడు ఇల్పో.
ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు ఆ మాట.
జనం పాడే అమ్మాయి పేరడుగుతారు,
అకార్డియన్‌ని ఇంకోసారి అంటారు.
బాస్ అంటే చొక్కా లోపలి కుట్టు,
ఊడినప్పుడే చెయ్యి అటు పోతుంది.

ఏం చెప్పను.
టాంగోలో ఒకచోట
మడమ గాల్లో ఆగుతుంది.
అక్కడ నేను ఉండకూడదు.
అది దిగేసరికి మాత్రం ఉండాలి, కింద, చెక్కలాగా.
దీనికి ఏ నాబ్ తిప్పాలి?

తల గోక్కున్నాడు.
వారం వాడి చూడు, అని వెనకటి రెండూ సంచిలో వేశాడు.

శనివారం, వాన.
పదకొండు నాబ్‌లది తగిలించగానే
స్పీకర్లలో మూలుగు, సీసాలో పడ్డ కందిరీగలా.
మిక్సర్ దగ్గరి కుర్రాడు ఓన్ని తీగలన్నీ మార్చాడు.
సాసేజి బడ్డీ ఫ్రిజ్జూ మేమూ ఒకే లైను మీద ఉన్నామట.
ఫ్రిజ్ ఆపమంటే అయిలి గరిటె చూపించింది.
గ్రౌండ్ తెంపే మీట దీనికీ ఉందిట, వెనక ఎక్కడో,
గోరు పట్టని సందులో.

ఇనుపదానికి మార్చాను.
బొడిపెని బూటు కొనతో నొక్కాను.
కందిరీగ చచ్చింది.
నేలని పట్టుకునుండడమే నా పని,
దానికోసం మొదట నేలతో తెంచుకోవాలన్నమాట.

మొదటి పాటంతా చెవిటిదాన్నే.
పిక్కల వెనక కొట్టే ఆ గాలి లేదు.
పక్కింట్లో ఎవరో నాలా వాయిస్తున్నారు.
చెవులు వదిలేసి కాళ్ళు చూశాను.
ఎర్రచెప్పుల ముసలామె మడమ, ఆగి,
సరిగ్గా దిగింది.

అర్ధరాత్రి రేయో అలవాటుగా వచ్చి
పిడి కోసం వంగాడు.
పిడి లేదు. అలాగే నిలబడిపోయాడు.
డబ్బా తీసి అతని చేతిలో పెట్టాను.
రెండు చేతులా పట్టుకుని, తడవకుండా,
వ్యాను దాకా మోసుకొచ్చాడు.

సోమవారం ఇల్పో అరవై అన్నాడు.
ఆ గీకేసిన పేరెవరిదో చెబితే డెబ్బై, అన్నాను.
కుక్క వైపు చూశాడు.
అరవైకే తెచ్చుకున్నాను.